మూరకో ముడి

సముద్రం చూపించమని అడిగిన పిల్లలకు కృష్ణను చూపించి సరిపెట్టిన లెక్చరర్ని నేను. మా డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చదివే ఐదుగురు, వైజాగ్ పోదాం సార్, ఓడ ఎక్కుదాం సార్ అని రెండేళ్లు నస పెట్టారు. ఓడకు పైసలెక్కడివి? "మనకు సాగరే ఉండగా వైజాగ్ ఎందుకు? సాగరమంటే సముద్రమే గదా" అన్నాను. ఆ మాట పట్టుకునే పది రోజుల యాత్ర బయల్దేరింది.

మొదటి ఆరు రోజుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. భీమ వచ్చి కృష్ణలో కలిసే తంగిడి దగ్గర మొదలుపెట్టి జూరాల, బీచుపల్లి, తుంగభద్ర కలిసే గొందిమళ్ల, జటప్రోలు మీదుగా సోమశిల చేరాం. కొంత దూరం వ్యాను, కొంత దూరం పుట్టి, కొంత దూరం మర పడవ. ఆగిన ప్రతి చోటా మూడు పనులు. నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో చూడటం, అందులో ప్రాణవాయువు ఎంత కరిగి ఉందో తేల్చడం, పళ్లెం ముంచడం.

ఈ పళ్లెం గురించి ముందే చెప్పాలి. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ పాదిరి, పోపుగారి ఓడ మీద మధ్యధరా సముద్రంలోకి పోయి తెల్లటి పళ్లేలను తాళ్లతో నీళ్లలోకి దించి చూశాడు. ఎంత లోతులో కంటికి మాయమైతే నీళ్లు అంత తేటగా ఉన్నట్టు లెక్క. అంతే శాస్త్రం. నేటికీ ప్రపంచమంతా అదే పద్ధతి. ఇప్పుడు వాడే పళ్లేనికి నాలుగు పాళ్లు చేసి ఒకటి నలుపు, ఒకటి తెలుపు వేస్తారు, అడ్డం 20 సెంటీమీటర్లు. మాది స్టీలు సామాన్ల అంగట్లో కొన్న పళ్లెం. నడుమ బెజ్జం పెట్టించి, రంగులు నేనే పూసి, అడుగున అరకిలో తూకపు రాయి కట్టాను. తాడు మీద పది సెంటీమీటర్లకొక ఎర్ర గీత.

పిల్లల పేర్లు ఇక్కడ రాయను. అయినా తరగతిలో నేను వాళ్లను పిలిచేది ఊరి పేర్లతోనే: పెంట్లవెల్లి, కోడేరు, బల్మూరు, వీపనగండ్ల, తాడూరు. పెంట్లవెల్లి, తాడూరు ఆడపిల్లలు.

ఏడో రోజు, సోమశిల

పొద్దుగాల ఆరింటికి రేవు మీద మంచు. కార్తీకం కాబట్టి మెట్ల మీద ఆడవాళ్ల స్నానాలు అప్పటికే సగం అయిపోయాయి. అరటి దొప్పల్లో దీపాలు వరసగా పోయి పోయి ఒడ్డునున్న గడ్డిలో చిక్కుకుని అక్కడే ఆరిపోతున్నాయి. పైన సోమేశ్వరుడి గుడి. ఆ గుడి మొదట ఉన్నది ఇక్కడ కాదు. శ్రీశైలం డ్యాం నీళ్లు ఎక్కుతాయని పాత చోటి నుంచి రాళ్లు విప్పి తెచ్చి ఈ గట్టు మీద మళ్లీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిదీ అదే కథ. దేవుళ్లకు రాళ్లతో సహా కొత్త ఊళ్లు దొరికాయి. మనుషులకు దొరికిన పునరావాసం గురించి ఈ ఒడ్డున ఎవరిని కదిపినా పొద్దుగూకే దాకా చెబుతారు. పెంట్లవెల్లి నీళ్లవైపు గదమ ఎత్తి చూపించి, "మా అమ్మమ్మోళ్ల పాత ఇల్లు గాడనే సార్, కింద" అంది. అని, రొట్టె తుంచి పుంటికూరలో అద్దుకుని తినసాగింది.

మర పడవ మాట్లాడుకుని నది నడుమకు పోయాం. ఎదురు ఒడ్డు సిద్ధేశ్వరం, ఆంధ్ర. ఈ రెండు ఒడ్డులకూ వియ్యాలు, వ్యాపారాలు అన్నీ ఉన్నాయి, వంతెన మాత్రం లేదు. 2007 జనవరిలో ఈ నీళ్ల మీదనే పడవ మునిగి 61 మంది పోయారు. అందుకే లైఫ్ జాకెట్ విప్పితే వ్యానెక్కించి ఇంటికి పంపిస్తానని మొదటి రోజే చెప్పాను. కోడేరు ఒక్కడే, ఉక్కపోస్తుంది సార్ అని గొణిగాడు. నవంబరులో ఉక్కేమిటో వాడికే తెలియాలి.

తూకపు రాయిని అడుగు తాకేదాకా దించి పైకి లాగితే దానికి మెత్తటి నల్లటి ముద్ద అంటుకుని వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరుకు లేదు, పిండి లాగా జారుతుంది. వీపనగండ్ల వాసన చూసి "రేగడి" అన్నాడు. వాళ్లది పత్తి చేసే ఇల్లు, వాడికి తెలుసు. ఎగువన మహారాష్ట్ర, కర్ణాటక చేలల్లో వాన కడిగిన మన్నంతా ఇదే దారిన వస్తుంది. వరద పారినంత సేపు నీళ్లతో పాటు ఉరుకుతుంది, డ్యాం నీళ్లు తగలగానే నడక తగ్గి కిందికి దిగిపోతుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పటి లెక్క 215 చిల్లర. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అంటే తొంభైకి పైగా టీఎంసీల చోటును ఈ నల్ల పిండి తినేసింది. పాలమూరు చెలకలకు ఎన్ని ఎత్తిపోతలు కట్టినా తోడుకునేది ఈ గిన్నెలో నుంచే. గిన్నె అడుగున మడ్డి పేరుకుంటున్న సంగతి మాత్రం ఎన్నికల మీటింగుల్లో వినపడదు.

ఇంతలో అనర్థం జరిగింది. పళ్లెం పైకి లాగుతుంటే బోటాయన చూడకుండా ఇంజను వేశాడు. "ఫ్యానుకు సుట్టుకున్నది, ఫ్యానుకు సుట్టుకున్నది!" అని తాడూరు అరిచేలోపు తాడు నాలుగు ముక్కలైంది. పెంట్లవెల్లి సగం దాకా వంగి పళ్లేన్ని ఒడిసి పట్టుకుంది కాబట్టి అదొక్కటి మిగిలింది. ఎర్ర గీతల తాడు మాత్రం కృష్ణార్పణం.

దగ్గర్లో పుట్టిలో వల తీస్తున్న పెద్దాయన మా గోల విని వచ్చాడు. వలకు వాడే సన్నటి నైలాను తాడు ఓ చుట్ట ఇచ్చి, పైసలు ఇయ్యబోతే వద్దన్నాడు. "నైలాను ముడి జారుతది బిడ్డా. ఒక్కటేస్తే నమ్మకు, రెండెయ్యి" అని పెంట్లవెల్లికి చెప్పాడు. ఆయన బాధ వేరే ఉంది. పై నుంచి వచ్చినవాళ్లు అలివి వలలు గుంజుతున్నారట. దోమ దూరనంత సన్న కంటి వల అది, పెద్ద చేపతో పాటు వేలెడంత పిల్ల చేపనూ ఊడ్చేస్తుంది. నిషేధం ఉంది, వలలూ ఉన్నాయి. "పోయినేడు బొచ్చె పిల్లలు ఇడిసిండ్రు. పెరిగేటందుకు గీళ్లు ఇడువాలె గదా" అన్నాడు.

తాడు దొరికింది, కొలత ఎట్లా? టేపు లేదు. స్కేలు ఉందా అంటే అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడేరు ఫోనులో కొలిచే యాప్ తీశాడు. ఊగే పడవలో అదే తాడు మూడుసార్లు మూడు కొలతలు చూపించింది. "మా నాయినమ్మ పూలు మూరేసి అమ్ముతది సార్" అని తాడూరు అనడమే ఆలస్యం, పెంట్లవెల్లి ముడి వేయడం మొదలెట్టింది. మోచెయ్యి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర, మూరకో ముడి. పెద్దాయన చెప్పినట్టు ప్రతిదీ రెండు ముళ్లు. ఇరవై మూరలు.

సోమశిల నడి నీళ్లలో పళ్లెం రెండో ముడి దాటి నాలుగు వేళ్ల కాడ మాయమైంది. వీపనగండ్ల పట్టికలో సెంటీమీటర్లు అన్న మాట కొట్టేసి "పెం. మూరలు" అని రాశాడు. పెం అంటే పెంట్లవెల్లి.

ఎనిమిదో రోజు, లాంచీ మీద

సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక శాఖ లాంచీ. మాతో పాటు ఓ పెళ్లి బృందం, హైదరాబాదు ఐటీ పిల్లలు, శ్రీశైలం పోయే ముసలమ్మలు. నల్లమల రెండు వైపుల నుంచి దగ్గరికి జరుగుతూ వచ్చేకొద్దీ లాంచీలో పాటలు తగ్గి ఫోటోలు పెరిగాయి.

సరంగును బతిమాలితే రెండుచోట్ల అయిదేసి నిమిషాలు ఇంజను ఆపాడు. అదే అదనుగా పని చేసుకున్నాం. ప్రాణవాయువు లెక్క చూసే తీరు పిల్లలకు చాలా ఇష్టం, ఎందుకంటే రంగులు మారుతాయి. సీసాలో బుడగ లేకుండా నీళ్లు నింపాలి. మాంగనీసు సల్ఫేటు ఒక మిల్లీలీటరు, క్షారం కలిపిన అయొడైడు ఒక మిల్లీలీటరు, మూత, తలకిందులుగా నాలుగుసార్లు తిప్పడం. నీళ్లలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు ముద్ద మబ్బు లాగా విడి కిందికి దిగుతుంది. లేకుంటే ఆ ముద్ద తెల్లగా ఉంటుంది. తర్వాత ఆమ్లం వేస్తే ముద్ద కరిగి నీళ్లు పసుపు. థయోసల్ఫేటు చుక్కలు చుక్కలుగా వదిలితే ఆ పసుపు పాలిపోతుంది. అప్పుడు గంజి నీళ్లు కొంచెం వేస్తే ఒక్కసారి ముదురు నీలం. మళ్లీ చుక్క, చుక్క, చుక్క... ఏదో ఒక్క చుక్కకు నీలం మాయం. ఆ చుక్క దగ్గర ఆపాలి. ఊగే లాంచీలో ఆ ఒక్క చుక్క కోసం బల్మూరు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వాడు మాట్లాడేది తక్కువ, చెయ్యి మాత్రం వణకదు.

చుట్టూ జనం మూగారు. "ఏం మందు సార్ అది?" అని ఒకాయన. నీళ్ల పరీక్ష అన్నాను. ఒక ముసలమ్మ మాత్రం నీలం మాయమైన సీసా చూసి, రెండు చేతులూ దోసిలి పట్టి "జర నాకూ పొయ్యి నాయనా" అంది. తీర్థమనుకుంది. ఆమ్లం పోసిన నీళ్లమ్మా తాగొద్దు అని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నం అక్కమహాదేవి గుహల దగ్గర ఆగింది. రేవు నుంచి మెట్లెక్కి పోతే ముందు ఒక రాతి తోరణం. ఎవరూ చెక్కింది కాదు, దానంతటదే వంతెన లాగా నిలబడ్డ బండ. 12వ శతాబ్దపు కన్నడ వచనకారిణి అక్కమహాదేవి ఇక్కడ తపస్సు చేసిందని నమ్మకం. లోపలికి పోను పోను గుహ సన్నబడుతుంది. చివర లింగం దాకా పోవాలంటే పక్కకు తిరిగి, వంగి, ఆఖరికి దేకాలి. నేను నడుమ దాకా పోయి నా పొట్ట అడ్డం వస్తుందని తెలుసుకుని వెనక్కి వచ్చాను. పిల్లలు పోయి వచ్చారు. తాడూరు గుహ గోడను చేత్తో తడుముతూ, ఇది మన ఊరి బండ లాంటిది కాదు సార్, పొరలు పొరలుగా ఉంది అంది. నిజమే. మా ఊళ్ల దిక్కు ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి, గ్రానైటు. నల్లమల మీదున్నది దాని తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకు, నీళ్ల అడుగున పరుచుకుని గట్టిపడిన ఇసుక. అప్పుడు ఇక్కడ నిజంగా సముద్రమే ఉండేదని చెబితే కోడేరు, "మనం లేటుగొచ్చినం సార్" అన్నాడు.

ఈ నీళ్లలో పళ్లెం మూడున్నర ముళ్ల దాకా కనపడింది. మడ్డి వెనక దిగబడిపోతున్న కొద్దీ నీళ్లు తేటబడుతున్నాయి. పుస్తకంలో చదివిన సంగతే, అయినా తాడు చేతిలో పట్టుకుని ఒక్కో ముడి జారవిడుస్తుంటే అది వేరే తీరుగా అర్థమైంది.

సాయంత్రానికి పాతాళగంగ. శ్రీశైలంలో కులానికో సత్రం. కార్తీకంలో కులం ఉన్నవాడికే గది దొరకడం కష్టం, రకరకాల కులాల ఆరుగురం కలిసి పోతే ఏ సత్రం మేనేజరుకైనా మేమొక చిక్కు ప్రశ్నే. చివరికి ఒక చోట వరండా ఇచ్చారు. రాత్రి పడుకోబోతుంటే బల్మూరు వచ్చి నిలబడ్డాడు.

"సార్, పళ్లెం అడ్డం 20 సెంటీమీటర్లు గదా. పళ్లెంతోనే తాడు కొలుస్తే మూర ఎంతో తెలుస్తది గదా."

ఎనిమిది రోజులు మోసిన పళ్లెమే స్కేలని నాకు తట్టలేదు. శభాష్ అన్నాను. కానీ పళ్లెం, తాడు వ్యానులో సంచీ అడుగున ఉన్నాయి, కాళ్లు పీకుతున్నాయి. "రేపు పొద్దున కొలుద్దాంలే" అన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

తొమ్మిదో రోజు, డ్యాం కింద నుంచి సాగర్‌కు

పొద్దున హడావుడిలో ఎవరం కొలవలేదు.

డ్యాం కింద లింగాలగట్టులో సాగర్ లాంచీ ఎక్కాలి. కింద నిలబడి పైకి చూస్తే 12 గేట్లూ మూసి ఉన్నాయి, గోడ మీద చెమ్మ చారలు. 2009 అక్టోబరు మొదట్లో ఈ డ్యాంకు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. కట్టినప్పుడు తట్టుకోగలదని వేసుకున్న లెక్క 19 లక్షలు. నిండు మట్టం 885 అడుగులైతే ఆ వారం 896 దాకా ఎక్కింది. ఎగువన కర్నూలు, అలంపురం, రాజోలి మునిగాయి. పెంట్లవెల్లి, వీపనగండ్ల అప్పుడు చిన్నపిల్లలు. ఇద్దరికీ గుర్తున్నది ఒకటే, బడికి సెలవులు.

లాంచీ కదిలాక నీళ్లలో చెయ్యి పెట్టిన తాడూరు "అమ్మో" అని తీసేసింది. పైన శ్రీశైలం నీళ్ల కన్నా ఇవి చల్లన. కరెంటు కోసం నీళ్లు తీసేది పైపొర నుంచి కాదు, లోతు నుంచి. ఎండ తగలని నీళ్లు అవి. ఎడమ ఒడ్డు కొండ లోపల తెలంగాణ వైపు కరెంటు కేంద్రం ఉంది, ఆరు యంత్రాలు, ఒక్కోటి 150 మెగావాట్లు. అవి తిరగబడి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కిందికి వదిలిన నీళ్లనే మళ్లీ పైకి తోస్తాయి. "అంటే ఇచ్చిన అప్పు మళ్ల గుంజుకున్నట్టు" అని కోడేరు. 2020 ఆగస్టులో ఆ కొండ లోపలే మంటలంటుకుని తొమ్మిది మంది పోయారని సరంగు చెప్పాడు. ఆ మాట తర్వాత కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కణ్నుంచి నది ఇరుకు. రెండు వైపులా అడవి నిటారుగా నీళ్లలోకి దిగుతుంది. ఎడమన అమ్రాబాద్ పులుల అడవి, కుడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి. పులికి రాష్ట్రం లేదు, ఈదుకుంటూ పోతుంది. మాకు కనపడ్డది పులి కాదు గానీ, బండ మీద నోరు తెరుచుకుని ఎండ కాగుతున్న మొసలి. వీపనగండ్ల దాన్ని దుంగ అన్నాడు. దుంగ నీళ్లలోకి జారాక జాకెట్ గట్టిగా కట్టుకున్నాడు. నీటికాకులు రెక్కలు చాపి ఎండబెట్టుకుంటున్నాయి. ఒక మలుపులో చెంచాయన ఒకడు తెప్ప మీద నిలబడి ఒక్కడే పోతున్నాడు. మా లాంచీ అలకు తెప్ప ఊగింది, ఆయన మా దిక్కు చూడను కూడా చూడలేదు.

ఈ కనుమలో పళ్లెం అయిదో ముడి దాటింది. శ్రీశైలంలో వడగట్టిన నీళ్లే సాగర్‌కు వచ్చేది. అందుకే సాగర్ తేట. సాగర్‌లో పూడిక లేదని కాదు, 408 టీఎంసీలని కట్టింది 312కు వచ్చింది. కానీ దాని బరువులో చాలా భాగం ఎగువనున్న చెల్లెలు పుట్టక ముందు మోసిందే, 1967 నుంచి శ్రీశైలం వచ్చేదాకా. అక్క ఒక్కతే మోసిన ఏళ్లు అవి.

మూడు దాటాక కొండలు ఒక్కసారి పక్కకు తప్పుకున్నాయి. ఎదురుగా నీళ్లు, నీళ్లు, నీళ్లు. దూరంగా నాగార్జునకొండ, నల్లటి తాబేలు లాగా. ఇక్ష్వాకుల విజయపురి అంతా దాని చుట్టూ నీళ్ల కింద ఉంది. నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి ఆ కొండ మీదికి మోసి మ్యూజియం పెట్టారు. మా నల్లగొండ వైపు ఏలేశ్వరానిదీ అదే గతి. ఊరు మునిగింది, గట్టు మిగిలింది, మల్లన్న ఆ గట్టు మీద ఉన్నాడు, శివరాత్రికి లాంచీల్లో జనం పోతారు.

పిల్లలు ముందుకు పోయి కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. "సముద్రం గిట్లనే ఉంటదా సార్?" అని పెంట్లవెల్లి. దీనికి అవతలి ఒడ్డు కనపడుతుంది, దానికి కనపడదు అన్నాను. ఆ మాట అంటుండగానే ఎదురుగాలి లేచింది, అలలు లాంచీని పక్క నుంచి కొట్టాయి. పావుగంటలో తాడూరు కడ్డీ మీద వంగి పొద్దున తిన్న ఉప్మా అంతా కృష్ణకు అప్పజెప్పింది. సముద్రం చూడకుండానే సముద్రపు వాంతి అయింది. నిమ్మకాయ నాకించి పడుకోబెట్టాం. నందికొండ రేవు చేరేసరికి లైట్లు వేశారు.

పదో రోజు, నందికొండ, వైజాగ్ కాలనీ, దేవరకొండ

ఆఖరి కొలత కాబట్టి పద్ధతిగా చేద్దామని పది గంటలకు చిన్న బోటు మాట్లాడుకున్నాం. సూర్యుడు పైన ఉండాలి, పడవ నీడ వైపు ముంచాలి, చూసే కళ్లు మొదటి నుంచి ఒకరివే అయి ఉండాలి. మా కళ్లు బల్మూరువి. దూరంగా డ్యాం, 26 గేట్ల గోడ. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన కట్టడం. సిమెంటు పోత కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టింది. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. కోడేరు వాళ్ల తాత ఆ రాళ్లు మోసినవాడే. "మా తాత ఆ గోడల యాడనో ఒక రాయి పెట్టిండు సార్, ఏ రాయో చెప్పకుండనే సచ్చిపోయిండు" అన్నాడు, చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని గోడ చూస్తూ.

పళ్లెం దిగింది. నాలుగు, అయిదు, ఆరు. ఏడో ముడి దగ్గర బల్మూరు చెయ్యెత్తి "ఇంకా కనపడుతుంది" అన్నాడు. ఏడు దాటి జానెడు. "పోయింది." వీపనగండ్ల రాసుకున్నాడు. పట్టిక నిండింది. అందరం చప్పట్లు కొట్టాం. తాడు కొస బోటు కడ్డీకి కట్టి ఉంది కదా అని పట్టుకున్నవాడు కూడా చేయి వదిలి చప్పట్లు కొట్టాడు. పట్టుకున్నవాణ్ని నేనే.

కడ్డీకి ముడి వేసింది కూడా నేనే. ఒక్కటే ముడి.

నైలాను చడీ చప్పుడు లేకుండా జారింది. అరకిలో రాయి పళ్లేన్ని నిదానంగా కిందికి తీసుకుపోయింది. తెలుపు నలుపు కలిసి పచ్చగా మారి, ఏడో ముడి లోతు దాటి బల్మూరు కళ్లకు కూడా అందకుండా పోయింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నది నాలుగు రోజుల కొలతల పట్టిక. ఆ మూర ఎంతో చెప్పే తాడు లేదు, తాడును కొలవడానికి పళ్లెం లేదు. మొన్న రాత్రి పది నిమిషాల పని. బల్మూరు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తిరుగు దారి పెద్దవూర, మల్లేపల్లి, దేవరకొండ మీదుగా. నడుమ నేరేడుగొమ్ము వైపు మళ్లి వైజాగ్ కాలనీకి పోవాలని ముందే అనుకున్నాం. సాగర్ నిండిన కొత్తలో విశాఖపట్నం దిక్కు నుంచి చేపలు పట్టేవాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. సముద్రం వదిలి సాగరానికి వచ్చినవాళ్లు. ఇప్పుడు అక్కడికి హైదరాబాదు నుంచి కార్లలో వస్తారు, బోటు షికారు, వేయించిన చేప. మేం కూడా ముందు చేపే తిన్నాం. కారం దట్టించి, పెనం మీద కరకరలాడించి ఇచ్చారు. రెండో విడత తెప్పించుకున్నాక గానీ మాటలు రాలేదు.

వల అల్లుతున్న ఒక తాత పక్కన కూర్చున్నాం. ఆయన మాట వినాలి. సగం ఉత్తరాంధ్ర, సగం దేవరకొండ. "ఏటి బాబూ, అట్టా మొకాలు ఏలాడేసుకున్నారు? ఏమైంది గిట్ల?" అన్నాడు. పెంట్లవెల్లి కథంతా చెప్పింది, నా ముడి సంగతితో సహా. తాత నా వైపు ఒకసారి చూసి నవ్వు మింగాడు.

"మా అయ్యోళ్లు సముద్రంలో లోతు బారల్లో చెప్పేవోరు. బారంటే ఇదిగో" అని రెండు చేతులూ బార్లా చాపి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస చూపించాడు. "మా అయ్య బార పెద్దది, మా బాబాయి బార సిన్నది. ఒకడు పది బారలంటే ఇంకొకడు పదకొండనీవోడు. అందుకని పడవకు కొలిసీవోడు ఒక్కడే. ఆడు రాని రోజు కొలత లేదు."

సెక్కి పళ్లేనికి చూసే కళ్లు ఒకరివే ఉండాలని నేను పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పిన నియమమే ఇది. ఈయనకు చదువు లేదు.

"సముద్రం గుర్తొస్తదా తాతా?" అని తాడూరు అడిగింది, నిన్నటి వాంతి గుర్తుండి కాబోలు.

"నాను సూసింది సిన్నప్పుడే. ఇక్కడ కెరటం లేదు, ఉప్పు లేదు, ఉడుకుడుకు అన్నంలోకి సేప ఉంది. ఏటి గుర్తు రావాలి?" అని మళ్లీ వల అందుకున్నాడు. రెండు కళ్లు అల్లి, తలెత్తకుండానే, "తాడు పోతే పోనీండి బాబూ. కొలిసిన సెయ్యి మీ దగ్గరే ఉంది గదా" అన్నాడు.

అయిదుగురూ ఒక్కసారి పెంట్లవెల్లి చేతి వైపు చూశారు.

దేవరకొండ చేరేసరికి పొద్దు గూకింది. బస్టాండు దగ్గర వరసగా అంగళ్లు. టేపు కొందామంటే హార్డ్‌వేరు షాపు కట్టేసి ఉంది. దాని పక్కన ఇరుకు గదిలో ఒక దర్జీ, మెడలో పసుపు పచ్చ టేపు వేసుకుని మిషను తొక్కుతున్నాడు. ఆరుగురం లోపలికి చొరబడే సరికి పెళ్లి ఆర్డరు వచ్చిందని సంబరపడి లేచాడు. కొలత కావాలి అన్నాను. ఎవరికి అన్నాడు. పెంట్లవెల్లిని ముందుకు తోశాం. టేపు అందుకుని భుజం మీద పెట్టబోయాడు.

"భుజం కాదన్నా, మోచెయ్యి కాణ్నుంచి" అంది.

మోచేతి మొన దగ్గర టేపు పెట్టాడు. మణికట్టు దాకా లాగి ఆపాడు.

"ఇంకా కిందికి. నడిమి వేలు కొసదాంక."

ఆయన ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. టేపు లాగాడు. బల్మూరు వంగి, కళ్లు టేపుకు సమానంగా పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. వీపనగండ్ల పెన్ను మూత నోట్లో పెట్టుకుని పట్టిక తెరిచాడు.

"పదిహేడున్నర ఇంచులు" అన్నాడు దర్జీ.

"44.45" అన్నాడు బల్మూరు, ఫోను తీయకుండానే.

దర్జీ పుస్తకంలో రాసుకోబోయి ఆగిపోయాడు. "వేళ్లు మూసుకపోయేటట్టు చెయ్యి కుట్టమంటరా సార్? అన్నమెట్ల తింటది పిల్ల?"